నాన్నగారి తుపాకీ ఎవరికి?

(ఖతార్‌లోని తెలుగువారి కోసం జరిగే రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)



ఈ కార్యక్రమంలో మామూలుగా మనం పిల్లల బడి సీట్ల గురించి, ఇంటికి పంపే డబ్బు గురించి, ఊళ్ళో ఇళ్ళస్థలాల రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ వారం తుపాకుల గురించి చెబుతానంటే నిర్వాహకులు నావంక కాస్త అదోలా చూశారు. దోహాలో ఉద్యోగం చేసుకునే తెలుగువాడికి తుపాకీతో ఏం పని అని వారి అనుమానం. ఇక్కడైతే ఏ పనీ లేదు, ఉండకూడదు కూడా. పని ఉన్నదల్లా ఊళ్ళో. అమ్మానాన్నలు ఉంటున్న ఇంట్లో, బీరువా వెనకాల గుడ్డలో చుట్టిపెట్టిన పాత జంటగొట్టాల తుపాకీతో.

పల్నాడులో, రాయలసీమలో, అడవి అంచు పల్లెల్లో కొన్ని రైతు కుటుంబాలకి లైసెన్సు తుపాకీ ఉండడం కొత్త సంగతేమీ కాదు. పంట కాపలాకని కొందరు, ప్రాణభయంతో కొందరు, కేవలం హోదా కోసం కొందరు తీసుకున్నారు. అప్పుడు తీసుకున్న పెద్దవాళ్ళకి ఇప్పుడు డెబ్భై దాటాయి. పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు దోహాలో, ఒకరు న్యూజెర్సీలో ఉన్నారు. పొలం పంచారు, నగలు పంచారు. ఇక మిగిలింది తుపాకీ. దాన్ని ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి, అసలు ఇవ్వొచ్చా?

ముందే ఒక మాట. నేను వృత్తిరీత్యా కంప్యూటర్ల వాణ్ణి, వకీలుని కాను. చట్టాన్ని ప్రోగ్రాము చదివినట్టు "ఇలా అయితే ఇది, కాకపోతే అది" అని చదువుకోవడం నాకు అలవాటు. అలా 1959 నాటి ఆయుధాల చట్టం, 2016లో వచ్చిన ఆయుధాల నియమాలు, 2019లో చేసిన సవరణ చదివి నాకు అర్థమైనది చెబుతున్నాను. మీ దాకా వచ్చినప్పుడు ఒక వకీలునీ, మీ జిల్లా ఆఫీసునీ అడిగే అడుగు వెయ్యండి.

మొత్తం గందరగోళానికి మూలం ఒక్కచోట ఉంది. తుపాకీ అనే వస్తువు ఆస్తే. కానీ దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు ఆస్తి కాదు. ఆ హక్కు ప్రభుత్వం ఒక మనిషికి, అతని పేరు మీద, ఒక గడువు దాకా ఇచ్చేది. నాన్నగారి కారు మీకు ఇస్తారు, డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వలేరు కదా. ఇదీ అంతే, పైగా ఇంకా గట్టిది. లైసెన్సు లేకపోయినా కారు షెడ్డులో పడి ఉండొచ్చు. తుపాకీ అలా పడి ఉండడమే నేరం. కాల్చనక్కర్లేదు, బయటికి తియ్యనక్కర్లేదు. 2019 సవరణ తరవాత లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంచుకున్నందుకు శిక్ష రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా, జరిమానా అదనం. "ఇది మా నాన్నదండీ" అన్నది మనకి పెద్ద మాటే గాని, చట్టం దృష్టిలో అది జవాబు కాదు.

నాకు తెలిసిన ఒకాయన కథ చెబుతాను, పేర్లు వద్దు. ఆయన ఇక్కడే ఒక నిర్మాణ సంస్థలో ఇంజనీరు. తండ్రిగారు పల్నాడులో ఒక ఊళ్ళో ఉంటారు, వయసు 74. పన్నెండు బోరు తుపాకీకి ముప్ఫై ఏళ్ళకి పైబడిన లైసెన్సు. అన్నగారు హైదరాబాదులో వ్యాపారం చేస్తారు, ఆయనకి లైసెన్సు లేదు. ఒక శుక్రవారం తండ్రీకొడుకుల మధ్య ఫోనులో సంభాషణ ఇలా సాగిందట.

"ఒరే, పెద్దాణ్ణి వచ్చి తుపాకీ పట్టుకుపొమ్మను. నా చేతుల్తో ఇచ్చేస్తే నాకు నిశ్చింత."

"నాన్నా, అన్నయ్య దాన్ని కారులో పెట్టుకుని వాడపల్లి వంతెన దాటాడంటే కేసవుతుంది."

"నా తుపాకీ నా కొడుక్కిస్తే కేసేంట్రా? దొంగసొత్తా?"

పెద్దాయన కోపంలో న్యాయం లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళు ఒక్క మచ్చ లేకుండా ఉంచుకున్నారు. ఎన్నికల కోడు వచ్చిన ప్రతిసారీ స్టేషనుకి తీసుకెళ్ళి జమచేసి, రసీదు తెచ్చుకుని, అయ్యాక విడిపించుకున్న మనిషి. అయినా కొడుకు చెప్పింది నిజం. ఇంకా చెప్పాలంటే వంతెన దాకా కూడా పోనక్కర్లేదు, అన్నగారు తనదిగా తీసుకుని ఆ ఇంటి గడప దాటిన క్షణంలోనే నేరం అయిపోతుంది. కృష్ణ దాటడం వల్ల చిక్కు ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

ఆ రెండో చిక్కు ఏమిటంటే, లైసెన్సు పుస్తకంలో "చెల్లుబాటయ్యే ప్రాంతం" అని ఒక గడి ఉంటుంది. అందులో జిల్లా పేరు రాసి ఉండొచ్చు, రాష్ట్రం పేరు రాసి ఉండొచ్చు, కొందరికి దేశమంతా అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే రాసి ఉంటే పెద్దాయన స్వయంగా తీసుకెళ్ళినా పొందుగల దగ్గర ఆగిపోవాల్సిందే, లేదా ముందుగా అధికారి అనుమతి తీసుకోవాలి. తెలుగువాళ్ళకి ఈ గడి మరీ ముఖ్యం. ఎందుకంటే మనం కదలకపోయినా మన సరిహద్దులు కదిలాయి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆ ఏడే ఆంధ్రలోకి వచ్చాయి. అక్కడి పాత లైసెన్సు మీద ఖమ్మం ముద్ర ఉంటే ఇల్లు అక్కడే ఉంది గాని ముద్ర వేసిన ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది. 2016 అక్టోబరులో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు కలెక్టరు ఇచ్చిన లైసెన్సు ఉన్నాయన ఇప్పుడు పల్నాడు జిల్లా మనిషి. కాబట్టి మొట్టమొదటి పని మన ఫైలు ఏ ఆఫీసులో ఉందో కనుక్కోవడం. నవ్వుకోకండి, సగం కాలం దీనికే పోతుంది.

దాంతోపాటు ఇంకోటి చూసుకోవాలి. లైసెన్సులన్నిటినీ జాతీయ జాబితాలోకి ఎక్కించి, ప్రతిదానికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020లో ముగించారు. ఆ సంఖ్య లేని పాత పుస్తకం చెల్లదు. పెద్దవాళ్ళు చాలామంది పుస్తకం మీద రెన్యువల్ ముద్ర చూసుకుని సరిపోయిందనుకుంటారు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీసి సంఖ్య ఉందో లేదో ఒకసారి చూడండి.

సరే, ఇచ్చే దారి ఏది? రెండున్నాయి.

మొదటిది అందరికీ ఉన్న దారి. లైసెన్సు ఉన్న మనిషి తన సొంత తుపాకీని, దాన్ని ఉంచుకునే అర్హత ఉన్న ఇంకో మనిషికి అమ్మొచ్చు, ఇవ్వొచ్చు. అమ్మకమా కానుకా అన్న తేడా ఇక్కడ లేదు, డబ్బు చేతులు మారినా మారకపోయినా నియమం ఒకటే. ఇచ్చే ముందు జిల్లా మేజిస్ట్రేటుకి గాని దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గాని రాతపూర్వకంగా తెలపాలి, ఎవరికి ఇస్తున్నదీ పేరు చిరునామాతో సహా. తెలిపాక 45 రోజులు ఆగాలి. అప్పుడే చేతులు మారాలి. తీసుకునేవాళ్ళకి ముందే సొంత లైసెన్సు ఉండాలి. అంటే తీసుకునే కొడుకు మొదట తన పేరున దరఖాస్తు పెట్టుకుని, పోలీసు విచారణ, భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు, వైద్యుడి సర్టిఫికెట్టు, ఇంట్లో భద్రంగా ఎక్కడ పెడతాడో హామీ, ఇవన్నీ దాటి రావాలి. వయసు 21 నిండాలి. ఇంటర్ చదివే మనవడికి తాతగారి తుపాకీ రాసివ్వాలన్న ముచ్చట అక్కడే ఆగిపోతుంది.

రెండోది కుటుంబాల కోసం ఉన్న దారి, దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. 2016 నియమాల్లో 25వది వారసులకి సంబంధించినది. లైసెన్సుదారు చనిపోయాక వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చన్నది అందరూ ఊహించేదే. కానీ బతికుండగానే కూడా ఇవ్వొచ్చు. లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, లేదా ఆ తుపాకీ తన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా, ఏది ముందైతే అప్పటినుంచి, తాను పేర్కొన్న వారసుడికి దాన్ని అందించడానికి ఈ నియమం దారి ఇస్తుంది. వారసుడికి మిగతా అర్హతలన్నీ ఉండాలి, ఆ పరీక్ష తప్పదు. కానీ "నీకు తుపాకీ ఎందుకు?" అన్న ప్రశ్నకి "మా నాన్నగారిది" అన్నది ఇక్కడ మాత్రం ఒక జవాబు అవుతుంది.

మన ఇంజనీరుగారి తండ్రికి 70 దాటాయి, 25 ఏళ్ళూ దాటాయి. రెండు షరతులూ నిండాయి. చెయ్యాల్సిందల్లా అన్నగారు తాను ఉంటున్న చోట, అంటే హైదరాబాదులో, దరఖాస్తు పెట్టుకోవడం. అక్కడ లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు. ఊళ్ళో జిల్లా కలెక్టరు. ఈ రెండు ఆఫీసుల మధ్య కాగితం నడవాలి, రెండు రాష్ట్రాలు కాబట్టి అది నెమ్మదిగానే నడుస్తుంది. లైసెన్సు చేతికొచ్చి, అందులో ఆ తుపాకీ నంబరు ఎక్కాక, పెద్దాయన పుస్తకంలోంచి అది తీసేశాక, అప్పుడు అనుమతితో వంతెన దాటించాలి. అంతవరకు అది పల్నాడులోనే ఉంటుంది.

అన్నట్టు సంఖ్య ఒకటి గుర్తుంచుకోండి. ఒకప్పుడు ఒక మనిషి మూడు తుపాకులదాకా ఉంచుకోవచ్చు. 2019 సవరణతో అది రెండయింది. వారసత్వంగా వచ్చినా ఈ రెండు దాటడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. ఇప్పటికే రెండున్న అన్నయ్యకి మూడోది ఇవ్వలేరు, అది ముత్తాతగారిదైనా సరే. పాతకాలపు జమీందారీ కుటుంబాల్లో దీనివల్ల చాలా బాధ పడ్డారు. నా మటుకు నాకు ఈ పరిమితి మంచిదే అనిపిస్తుంది. జ్ఞాపకం కావాలంటే ఫొటో చాలు.

మినహాయింపులు లేవా అంటే పక్క రాష్ట్రంలో ఒక విచిత్రమైనది ఉంది. కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో కొడవ జాతివారికి, జమ్మా భూములున్న వారికి కొన్ని రకాల తుపాకులకి లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిషువారి కాలం నుంచి వస్తున్న ఏర్పాటు. కేంద్రం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది, కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. తెలుగువాళ్ళకి అలాంటిదేమీ లేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతికి వస్తాను. తండ్రి బతికుండగా ఇది జరగలేదనుకోండి. ఒక రాత్రి ఫోను వస్తుంది. దొరికిన విమానం పట్టుకుని హైదరాబాదులో దిగుతాం, ఊరికి చేరతాం. కార్యక్రమాలు, బంధువులు, పదకొండో రోజు, పదమూడో రోజు. సెలవు అయిపోతుంది, అమ్మని ఒక్కదాన్నీ వదిలి మళ్ళీ విమానం ఎక్కుతాం. ఈ గొడవలో తుపాకీ మాట ఎవరికి గుర్తుంటుంది? కానీ లైసెన్సు మనిషితోనే పోయింది. ఆ రోజునుంచి ఇంట్లో ఉన్న తుపాకీ, పెట్టెలో ఉన్న తూటాలు ఎవరి దగ్గరున్నట్టు? చట్టం అడిగితే అమ్మ దగ్గరున్నట్టే.

ఆయుధాల చట్టం 21వ సెక్షను చెప్పేది ఇదే. ఏ కారణం వల్లనైనా సరే, ఆయుధం ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోయినప్పుడు, అనవసరమైన ఆలస్యం చెయ్యకుండా దాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గాని జమచెయ్యాలి. జమ చేసినంత మాత్రాన పోయినట్టు కాదు. వారసుల్లో ఎవరైనా గడువులోగా లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవాళ్ళకి అమ్ముకోవచ్చు. గడువు దాటిపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ప్రభుత్వానికి చెందుతుంది. మా తాతగారిది అలాగే స్టేషనుకి చేరింది, ఎవరూ వెనక్కి అడగలేదు. ఆ సంగతి తలుచుకుని మా ఇంట్లో బాధపడ్డవాళ్ళు కూడా లేరు.

కాబట్టి ఇది వింటున్నవాళ్ళు ఒక్క పని చెయ్యండి. అమ్మకి గాని, ఊళ్ళో ఉండే చిన్నాన్నకి గాని ముందే చెప్పి ఉంచండి: అనుకోనిది జరిగితే తుపాకీని ఎవరూ ముట్టుకోవద్దు, ఎవరి ఇంటికీ తరలించవద్దు, స్టేషనుకి ఫోను చేసి చెప్పండి, వాళ్ళు వస్తే లెక్క చూపించి జమ చేసి రసీదు తీసుకోండి. తూటాలు కూడా లెక్కపెట్టి ఇవ్వాలి. ఆ రసీదు మీద తుపాకీ నంబరు ఉండాలి. "మా బావమరిది దాచిపెడతానన్నాడు" అన్న మాట అస్సలు వద్దు. సాయం చేసిన పాపానికి బావమరిది ఇరుక్కుంటాడు.

ఆ తరవాత వారసుల సంగతి. ఒకరు లైసెన్సు కోరుకుంటే మిగతా వారసులంతా మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇక్కడే ప్రవాస కుటుంబాలకి అసలు పరీక్ష. చెల్లెలు న్యూజెర్సీలో, తమ్ముడు దోహాలో. ఆ కాగితం మీద సంతకం చెయ్యాలంటే ఇక్కడ భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, అధికారి ముందు సంతకం చేసి, ముద్ర వేయించుకుని పంపాలి. చెల్లెలు అక్కడి కాన్సులేటు ద్వారా పంపాలి. కాగితం ఏ నమూనాలో కావాలో ఊళ్ళో ఆఫీసుని ముందే అడిగి తెప్పించుకోండి, లేకపోతే ఒక్క మాట తేడా ఉందని తిప్పి పంపితే మళ్ళీ మొదటికి. పొలం తగాదా ఉన్న ఇళ్ళలో ఈ అభ్యంతరం లేదనే కాగితమే ఆయుధం అయి కూర్చుంటుంది. తుపాకీ మీద ప్రేమ లేకపోయినా పొలం మీద కోపంతో సంతకం చెయ్యని అన్నదమ్ములుంటారు. తండ్రి బతికుండగా ఒక వారసుణ్ణి పేర్కొనడంలో ఉన్న సుఖం అదే.

"నేనే తీసుకుంటాను, వచ్చినప్పుడు చూసుకుంటాను" అని దోహాలో ఉన్న తమ్ముడు అంటే? నా అభిప్రాయం అడిగితే వద్దంటాను. లైసెన్సు తీసుకున్న మనిషే దాని భద్రతకి బాధ్యుడు. పదకొండు నెలలు తాళం వేసిన ఇంట్లో తుపాకీ పెట్టి ఇక్కడ నిద్రపోగలరా? దొంగతనం జరిగితే అడిగేది మిమ్మల్నే. మకాం శాశ్వతంగా మారితే 30 రోజుల్లో తెలపాలన్న షరతు కూడా ఉంటుంది. ఊళ్ళో ఉండే వారసుడు లేకపోతే లైసెన్సున్న వ్యాపారికి అమ్మెయ్యడమో, ప్రభుత్వానికి అప్పగించడమో గౌరవంగా ఉంటుంది.

న్యూజెర్సీ చెల్లెలు అన్నాను కదా, అమెరికా సంగతి కూడా కొంచెం చెబుతాను. ఈ కార్యక్రమం అక్కడా వింటున్నారని ఉత్తరాలు వస్తున్నాయి. అక్కడ తుపాకీ బజారులో దొరుకుతుంది కాబట్టి కుటుంబంలో ఇచ్చిపుచ్చుకోవడానికి అడ్డే ఉండదనుకుంటాం. అది తప్పు. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో ఉండే సామాన్యుడు వేరే రాష్ట్రంలో ఉండేవాడికి నేరుగా తుపాకీ ఇవ్వకూడదు. టెక్సాస్‌లో ఉన్న తండ్రి కాలిఫోర్నియాలో ఉన్న కొడుక్కి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలన్నా సరే. తీసుకునేవాడి రాష్ట్రంలో లైసెన్సున్న వ్యాపారికి పంపి, ఆ వ్యాపారి కొడుకు వివరాలు తనిఖీ చేశాక ఇవ్వాలి. తండ్రీకొడుకులన్న మినహాయింపు ఆ చట్టంలో లేదు. వీలునామా ద్వారా గాని, వారసత్వంగా గాని వచ్చినదానికి మాత్రం రాష్ట్రం దాటే విషయంలో మినహాయింపు ఉంది. ఇక్కడ మనకీ వాళ్ళకీ తేడా చూడండి. మన దగ్గర వీలునామాలో ఎంత అందంగా రాసినా లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోలేం.

దీని మీద వాళ్ళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటి ఉంది, నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. వర్జీనియాలో అబ్రామ్‌స్కి అనే మాజీ పోలీసు, పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ కోసం 2009లో ఒక గ్లాక్ పిస్తోలు కొన్నాడు. ఆ అంకుల్ బాబాయో మేనమామో ఇంగ్లీషులో తేలదు లెండి. పోలీసులకి దొరికే తగ్గింపు ధర కలిసొస్తుందని ఇతను కొన్నాడు. ఆయన ముందే 400 డాలర్ల చెక్కు పంపాడు. దుకాణంలో నింపే ఫారంలో "అసలు కొనేది నువ్వేనా?" అని ఉంటుంది. ఇతను అవునని రాశాడు. తరవాత పద్ధతిగా పెన్సిల్వేనియాలో లైసెన్సున్న వ్యాపారి ద్వారానే ఆయనకి అందించాడు. ఆయనకి తుపాకీ ఉంచుకునే అర్హత కూడా ఉంది. అయినా 2014 జూన్‌లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పు వచ్చింది. నేరమే అన్నారు. ఇంకొకరి డబ్బుతో కొంటూ నేనే కొంటున్నానని రాయడం అబద్ధం కాబట్టి. అదే తన సొంత డబ్బుతో కొని నిజంగా కానుకగా ఇచ్చి ఉంటే ఆ ఫారం దగ్గర తప్పు లేదు. మనలో "నువ్వు కొనిపెట్టు, డబ్బులు తరవాత సర్దుతా" అనడం ఊపిరి తీసుకున్నంత మామూలు. ఫోనులు, ల్యాప్‌టాప్‌లు అలా తెప్పించుకున్నట్టు దీన్ని తెప్పించుకోకూడదు.

ఇంకా ముఖ్యమైనది వీసా సంగతి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, చూడ్డానికి వచ్చే తల్లిదండ్రుల బి-2, ఈ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగాని తూటాగాని దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడంలాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ నిషేధం లేదు. కాబట్టి గ్రీన్ కార్డున్న అన్నయ్య, హెచ్-1బి మీదున్న తమ్ముడికి ఒకే ఊళ్ళో ఉన్నా కూడా ఇవ్వకూడదు. సరదాగా షూటింగ్ రేంజికి తీసుకెళ్ళి చేతిలో పెట్టడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వీసా రెన్యువల్‌కి ముందు ఆ ఫొటో నలుగురికీ పంపుకోవడం ఇంకా గొప్ప తెలివి.

అక్కణ్ణుంచి మూటాముల్లే సర్దుకుని ఇండియాకి తిరిగి వచ్చేవాళ్ళు తమ తుపాకీ తెచ్చుకోవచ్చా అని ఒకరు అడిగారు. మామూలు సామానులో రాదు. నివాసం మార్చుకుని వచ్చేవాళ్ళకి, అనుమతి ఉన్న బోరులో ఒక్కటి, అక్కడ కనీసం ఏడాది తమ దగ్గర ఉండి ఉంటే, ఇండియా లైసెన్సు ముందే చేతిలో ఉంటే, పూర్తి విలువ మీద సుంకం కట్టి తెచ్చుకోవచ్చని కస్టమ్స్‌వారి సూచనల్లో ఉంది. కానీ దానికి ఒక మెలిక పెట్టారు. అలా తెచ్చినదాన్ని తెచ్చినవాడి జీవితకాలంలో అమ్మకూడదు, అరువివ్వకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, డబ్బుకైనా ఊరికేనైనా. అంటే తమ్ముడికి కానుకగా ఇద్దామని తేవడం కుదరదన్నమాట. బయలుదేరే ముందు నియమాలు ఒకసారి మళ్ళీ చూసుకోండి, కస్టమ్స్ కాగితాలు తరచు మారుతుంటాయి.

ఇక మనం ఉంటున్న ఖతార్. ఇక్కడ ఆయుధాల మీద 1999 నాటి 14వ నంబరు చట్టం ఉంది. అంతర్గత వ్యవహారాల శాఖ అనుమతి లేకుండా తేవడానికి, కొనడానికి, ఉంచుకోవడానికి వీల్లేదు. 2017 నుంచి కతారాలో జరుగుతున్న సుహైల్ డేగల ప్రదర్శనకి మనలో చాలామంది పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. అక్కడ డేగలతోపాటు వేట తుపాకులు కూడా ప్రదర్శనకి పెడతారు. చూసి రావడం వరకే మన పని.

చివరగా సూట్‌కేసు సంగతి. ఊళ్ళో తుపాకీ ఉన్న ఇంటివాళ్ళకి ఇది మరీ ముఖ్యం. వేటకో పొలానికో వాడిన పాత సంచి, నాన్నగారి పాత కోటు, పాత తోలు బ్యాగు, వాటి జేబుల్లో, అస్తరు చిరుగులో ఒక తూటా ఉండిపోవడం అరుదేమీ కాదు. ఎక్స్‌రేలో అది పడితే హైదరాబాదులోనే ఆపేస్తారు, ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియకుండా ఉండిపోయింది అన్నది కోర్టులో పనికొచ్చే వాదనే. దగ్గర ఉంచుకోవడం అంటే ఉన్నదని తెలిసి ఉంచుకోవడం అని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది, ఆ మాట పట్టుకుని హైకోర్టులు ఇలాంటి కేసులు చాలా కొట్టేశాయి. కానీ కొట్టేసేదాకా విమానం ఆగదు, ఉద్యోగం ఆగదు. అదే తూటా అక్కడ ఎవరి కంటా పడకుండా వచ్చి ఇక్కడ హమద్ విమానాశ్రయంలో బయటపడితే అప్పుడు మాట్లాడాల్సింది ఇక్కడి చట్టంతో, ఇక్కడి భాషలో.

అందుకని ఊరినుంచి బయలుదేరే ముందు రాత్రి, పచ్చళ్ళ సీసాలు సర్దకముందే, సూట్‌కేసు మొత్తం బోర్లించి దులపండి. ఇంట్లోవాళ్ళు ఇచ్చిన పాత బ్యాగు అయితే అస్తరు లోపల కూడా చెయ్యి పెట్టి తడమండి. పిల్లవాడు ఆడుకోవడానికని తాతయ్య ఇచ్చిన ఖాళీ తూటా గొట్టం కూడా తీసి అక్కడే పెట్టెయ్యండి, పిల్లవాడు ఎంత ఏడ్చినా సరే.

ప్రశ్నలుంటే కార్యక్రమానికి రాయండి. లైసెన్సు పుస్తకం మీద ఏం రాసి ఉందో చూసి రాస్తే జవాబు చెప్పడం తేలిక. శలవు.